నాలుగో నంబరు సిరా

జూన్ 2

రికార్డు ఆఫీసు నుంచి అయిదు సీసాలు వచ్చాయి. లేబుళ్లు పీకేసి అంకెలు అంటించారు. ఏది ఎవరిదో నాకు తెలియకూడదట. సూపరింటెండెంటు తెలివి అది. ఆవిడకి ముక్కు మీద ఒక కళ్లజోడు, నెత్తి మీద ఒకటి, మెడలో దారానికి వేలాడుతూ ఇంకొకటి. ఇన్ని ఉండి కూడా, సిరాకి వాసన ఉంటుందన్న సంగతి ఆవిడకి కనబడలేదు.

నాలుగోది నాది. లవంగనూనె వాసన. రెండోది చెల్లెలిది. పులిసిన వాసన. మిగతా మూడూ బయటి కంపెనీలవి. వాటికి వాసన కూడా లేదు.

పుట్టినవాళ్లనీ పోయినవాళ్లనీ పెళ్లి చేసుకున్నవాళ్లనీ రాసే రిజిస్టర్లన్నిటికీ ఇక ఒకే సిరా వాడతారట. ఏది నిలుస్తుందో తేల్చి నేను సంతకం పెట్టాలి. నాన్న రోజుల నుంచీ వాళ్ల పరీక్షలన్నీ మా సిరా గదిలోనే. పదకొండేళ్లుగా వాళ్లు రాస్తున్నది నా సిరాతోనే. తేల్చడానికి కొత్తగా ఏముందో నాకు అర్థం కాలేదు.

తమ్ముడు దుకాణం వైపు నుంచి తొంగిచూశాడు.

"నీ సిరాని నువ్వే పరీక్షిస్తే బావుండదేమో అక్కా."

"నేను పక్షపాతం చూపిస్తానంటావా?"

"అబ్బే! నువ్వా!"

వాడి అబ్బేలు వినే ఓపిక నాకు లేదు. దేవా, వాణ్ణి క్షమించు. నా వంతు క్షమాపణ రేపు చూస్తాను.

జూన్ 3

సిరా ఆరే పరీక్ష. నాన్న పద్ధతి. రిజిస్టరు కాగితం మీద ఒక వరుస రాసి, మనసులో ప్రార్థన ఒకసారి పూర్తిగా చెప్పుకుని, అద్దుడు కాగితం నొక్కాలి. మచ్చ అంటితే ఆ సిరా పనికిరాదు. ఫోనులో సెకన్లు లెక్కపెట్టుకోవచ్చుగా అంటాడు తమ్ముడు. వాడు ఫోనులో ఇంకా చాలా చేస్తాడు.

ఒకటి: గిన్నెలు తోమిన నీళ్లని సీసాలో పోసి నీలం అని పేరు పెట్టారు. అంటింది.

రెండు: పాళీ నుంచి దిగడానికే మొరాయిస్తుంది. రాసినప్పుడు బూడిద రంగు. గంట గడిస్తే గాని నల్లబడదు. ఆరింది. ఆరదా మరి, దిగితేగా.

మూడు: గీసిన చోట నిలవకుండా నాలుగువైపులా పాకింది, చుట్టాలింటికి వచ్చిన పిల్లల్లాగా. అంటింది.

అయిదు: మెరుపులున్నాయి. మరణాల రిజిస్టరులో మెరుపులు! మూడు ప్రార్థనలకి కూడా ఆరలేదు.

నాలుగు: సాఫీగా దిగింది. మొదటి అక్షరం నుంచే నలుపు. ఆరింది.

జూన్ 4

చెల్లెలు గుమ్మంలో నిలబడి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ అంది. "అక్కా, ఒకటి చెప్పనా? కోప్పడకూడదు."

"నేనెప్పుడు కోప్పడ్డాను?"

నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చదు.

"నిన్న నా సిరాకి నీ పెదాలు గబగబా కదిలాయి. నీ సిరాకి నెమ్మదిగా కదిలాయి. ప్రార్థన ఒకటేగా?"

నలభై ఏడేళ్ల మనిషి. పని మానుకుని నా పెదాలు చూస్తూ కూర్చుంది.

"భక్తిలో హెచ్చుతగ్గులుంటాయి" అన్నాను.

"సీసాని బట్టా?"

వెళ్లి నీ పొయ్యి చూసుకోమన్నాను.

జూన్ 5

ఆరే పరీక్ష మళ్లీ చేయనవసరం లేదు.

జూన్ 6

నీటి పరీక్ష. రాసిన కాగితం పట్టీని సగం వరకు కుళాయి కింద పట్టాలి.

ఒకటి పూర్తిగా పోయింది. ఏమీ రాయనట్టే ఉంది. మూడోది చెరువైంది. అయిదో దాని మెరుపులు సింకుకి అంటుకున్నాయి, ఇంకా తోముతున్నాను. రెండు కదల్లేదు. మొండిది. చేసినవాళ్ల పోలిక.

నాలుగు కాస్త నీలం వదిలింది. అది పైరంగు, వదలాల్సిందే. కింద గీత నిలిచింది. చాలు.

జూన్ 7

ఎండ పరీక్ష మొదలు. అయిదు పట్టీలు కిటికీ అద్దానికి అంటించాను. ప్రతి పట్టీకి పై సగం నల్ల కాగితంతో మూసి, కింది సగం ఎండకి వదిలాను. నలభై రోజులు. తరువాత నల్ల కాగితం తీసి రెండు సగాలనీ పోల్చాలి. ఇందులో తెలివితేటలు చూపించడానికి ఎవరికీ అవకాశం లేదు. అందుకే ఈ పరీక్ష నాకు ఇష్టం.

జూన్ 9

చెల్లెలి సిరా అంటే కొత్తదేం కాదు, నాన్నదే. మాచికాయలు దంచి నానబెట్టి, ఆ కషాయంలో అన్నభేది అనే ఇనుప లవణం కలపడం, రోజుల తరబడి పొయ్యి పక్కన కాపలా కాయడం. రెండేళ్లుగా వెనక గదిలో అదే పని. మనిషి చేతులు ఎప్పుడూ నల్లగానే ఉంటాయి.

ఆ సిరా పాళీలని తినేసేది. గుమాస్తాలు విరిగిన పాళీలు తెచ్చి నాన్న బల్ల మీద పోసేవాళ్లు. నాన్న పోయాక నేనే దాన్ని మనుషులు రాసుకునేలా చేశాను. మాచికాయలూ అన్నభేదీ సగానికి తగ్గించి, రంగు పెంచాను. పాళీలు బతికాయి. ఆఫీసు మెచ్చుకుంది. ఒక్క చెల్లెలే, "రంగు ఎక్కువైంది అక్కా" అంది. దానికి అన్నీ ఎక్కువే.

గోడ మీది నమూనా కాగితం ఇవాళ చూసుకున్నాను. ఏటా ఏప్రిల్ ఒకటిన కొత్త సిరాతో నా చేత్తో రాసి, తేదీ వేసి, కిటికీకి ఎదురుగా మేకుకి తగిలిస్తాను. పాతది చెత్తబుట్టలోకి. ఏడాది తిరిగేసరికి మురికి పట్టి వెలిసినట్టు ఉంటుంది. మురికి నమూనాతో కొత్త సిరాని పోల్చడం పద్ధతి కాదు. కొత్త కాగితంతో పోలిస్తే పదకొండేళ్లుగా ఒక్కసారి కూడా తేడా రాలేదు. ఒకే చేయి, ఒకే నలుపు.

జూన్ 16

తమ్ముడు ఒక సిరా ప్రియుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. తోలు పెట్టెలో డెబ్బై పెన్నులు. పసిపిల్లల్ని ఉయ్యాల్లోంచి తీసినట్టు ఒక్కొక్కటే తీశాడు. మూడో నంబరుని చుక్క వేసి, కళ్లు మూసి తెరిచి, "ఇందులో వాన వెలిసిన మధ్యాహ్నం ఉందండీ" అన్నాడు.

"అయితే కాసేపాగితే ఎండిపోతుంది" అన్నాను.

తమ్ముడు నా కాలు తొక్కాడు.

"ఇన్ని పెన్నులతో మీరేం రాస్తారు?"

"సిరాల పేర్లు రాస్తానండీ. ఏ పెన్నులో ఏ సిరా పోశానో."

"ఇంకా?"

కాసేపు ఆలోచించాడు. "తేదీ" అన్నాడు.

వెళ్లేముందు నా సిరాని పొగిడాడు. పోయినేడు దాంతో రాసిన పేజీ చక్కటి టీ రంగుకి తిరిగిందట, ఆ మార్పు తనకెంతో నచ్చిందట, ఇంకో రెండు సీసాలు కావాలట. పేజీ మీద టీ ఒలకబోసుకుని ఉంటాడు. డెబ్బై పెన్నులు ఒక్క మనిషే మొయ్యాలంటే చేతులు వణకవా.

జూన్ 25

నాలుగో పట్టీ గాలికి లేస్తోంది. కిటికీ వారకి జరిపాను, చట్రం నీడలోకి. తేడా ఏమీ రాదు.

జూన్ 26

తేడా ఏమీ రాదు.

జూన్ 30

ఒకటో నంబరు ఎండకి పూర్తిగా ఎగిరిపోయింది. కంపెనీ వాళ్లకి సిగ్గు లేదు. మూడు గులాబీ రంగైంది. అయిదులో మెరుపులు మిగిలాయి, అక్షరాలు మిగల్లేదు. మనుషుల్లోనూ అలాంటివాళ్లని చూశాను.

రెండు అలాగే ఉంది.

నాలుగు గురించి రేపు రాస్తాను.

జూలై 2

ఉక్కపోత. ప్రార్థన తప్ప వేరే పని చేయలేదు.

జూలై 4

ఎవరో నాలుగో పట్టీని మళ్లీ ఎండలోకి జరిపారు. ఎవరో అని రాయడం దేనికి. చెల్లెలే.

పిలిచాను. వచ్చింది. చేతులు మోచేతుల దాకా నలుపు.

"నా బల్ల దగ్గరికి ఎవరు రమ్మన్నారు నిన్ను?"

"పట్టీ నీడలో ఉంది."

"గాలికి లేస్తోందని జరిపాను."

"అక్కా, ఆ కిటికీ తెరిచి ఆరేళ్లయింది. చెక్క ఉబ్బి బిగుసుకుపోయింది. గాలెక్కడిది?"

నేను కిటికీ వైపు చూశాను. నిజంగానే మూసి ఉంది.

"నీకు నీ సిరా గెలవాలి" అన్నాను. "నాన్న సిరా అని చెప్పుకుని తిరగాలి. రెండేళ్లుగా అదే ఆరాటం."

దాని ముఖం చిన్నబోయింది. తమ్ముడు మధ్యలోకి వచ్చి, "సిరా కోసం కొట్టుకోవడమేంటే మీరు, రెండూ మనవేగా" అన్నాడు. వాడికి రెండూ మనవే. సీసా ఖాళీ అయితే చాలు.

చెల్లెలు తన గదిలోకి వెళ్లింది. తిరిగొచ్చి నా బల్ల మీద అట్టల ఫైలు ఒకటి పెట్టింది. "నేనున్నప్పుడు చూడకు" అని వెళ్లిపోయింది.

తెరవలేదు.

జూలై 5

తెరిచాను.

నా నమూనా కాగితాలు. ప్రతి ఏప్రిల్‌లోనూ నేను బుట్టలో పడేసినవి. మడత లేకుండా సాపు చేసి, వరసగా పెట్టింది. మొత్తం పదమూడు. అన్నీ నా చేత్తో రాసినవే, అన్నిటి మీదా నా తేదీలే. అన్నీ అదే గోడ మీద, అదే కిటికీ ఎదురుగా తలా ఒక ఏడాది వేలాడినవే.

మొదటి మూడు నాన్న సిరాతో రాసినవి. ఇవాళ పొద్దున రాసినట్టున్నాయి. కాకి రెక్క నలుపు.

నాలుగోది నేను పాళ్లు మార్చిన ఏడాదిది. పాత తుప్పు మరకలా ఉంది. అయిదోది అలాగే. ఆరు, ఏడు అలాగే. పదమూడు వరకు అన్నీ అలాగే. కొన్నిటిలో చదవాలంటే కాగితాన్ని వంచి పక్క నుంచి చూడాలి.

మురికి కాదు. ఒక్క కాగితానికి కూడా మురికి లేదు.

ఏటా పాతదాన్ని పారేసి, కొత్త సిరాని కొత్త సిరాతోనే పోల్చుకుని మెచ్చుకున్నాను. పదకొండేళ్లు. ఈ పని బుద్ధిలేని వాళ్లెవరైనా చేసి ఉంటే ఈ డైరీలో వాళ్లని ఏమని రాసేదాన్నో నాకు తెలుసు.

సాయంత్రం చెల్లెలి గది దగ్గరికి వెళ్లాను.

"ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

"నాన్న సిరావి గుర్తుగా దాచాను, నీవి అనుమానం వచ్చి దాచాను. రెండేళ్ల కిందట అన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. అప్పుడు తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

"చెప్పానుగా అక్కా, రంగు ఎక్కువైందని. అప్పుడు నువ్వు నాతో నాలుగు నెలలు మాట్లాడలేదు."

అయిదు నెలలు. నాకు గుర్తుంది.

"అందుకని మళ్లీ చెప్పలేక, నాన్న సిరా కాయడం మొదలెట్టాను. నువ్వే పోల్చి చూస్తావనుకున్నాను."

జూలై 6

ప్రార్థన కుదరలేదు.

జూలై 8

రికార్డు ఆఫీసుకి వెళ్లాను. ఎనిమిదేళ్ల కిందటి రిజిస్టర్లు చూడాలన్నాను. సూపరింటెండెంటు తాళాలగుత్తి తీసుకుని తనే నడిచింది. తడిగోడ పక్క బీరువా. జననాలు, మరణాలు, పెళ్లిళ్లు, ఏడాదికి మూడు.

పెళ్లిళ్లది తెరిచాం. చేయి తగలని పేజీలు ఫరవాలేదు, కాస్త వెలిశాయి. నకళ్ల కోసం తరచూ తెరిచే పేజీలు, కిటికీ దగ్గర కౌంటరు మీద గంటల తరబడి పరిచిన పేజీలు టీ రంగు. గోడ తేమ పట్టినచోట వరసలకి వరసలు ఖాళీ. గడుల గీతలు అచ్చువేసినవి కాబట్టి అవి మాత్రం నల్లగా ఉన్నాయి.

ఆవిడ ముక్కు మీది కళ్లజోడు తీసి నెత్తి మీది దాన్ని దింపింది. అదీ తీసి మెడలోది పెట్టుకుంది.

"నాకు చూపు తగ్గిపోతోందనుకున్నానమ్మా" అంది. "మూడేళ్లలో మూడు కళ్లజోళ్లు మార్చాను. ఇంకా మసకగానే ఉంటుంది. రిటైరైపోదామనుకున్నా. మీరు ఎలా చదువుతున్నారు దీన్ని?"

"వంచి, పక్క నుంచి" అన్నాను.

మసకకి కారణం మాత్రం చెప్పలేదు. చెప్పకుండానే వచ్చేశాను. ఈ మాట రాసి పెట్టుకోవాలి.

జూలై 17

నలభై రోజులయ్యాయి. నల్ల కాగితాలు తీశాను. నాలుగో దాని మూసిన సగం నలుపు, తెరిచిన సగం తుప్పు. కిటికీ వారన ఉన్న తొమ్మిది రోజులు కూడా దాన్ని కాపాడలేదు.

ఆరే పరీక్ష మళ్లీ చేశాను. చెల్లెల్ని ఎదురుగా కూర్చోబెట్టి, ప్రార్థన పైకే చెప్పాను, అన్నిటికీ ఒకే వేగంతో. నాలుగు అంటింది.

నివేదిక రాశాను. ఒకటి, మూడు, అయిదు: పనికిరావు. నాలుగు: పనికిరాదు. రెండు: నిలుస్తుంది. కింద ఇంకో రెండు వాక్యాలు. పదకొండేళ్లుగా రిజిస్టర్లు రాసింది నాలుగో నంబరుతో. తయారు చేసింది, మంచిదని చెప్పింది నేనే.

తమ్ముడు నా భుజం మీద నుంచి చదివాడు.

"పైన రాసింది చాలక్కా. కింద రెండు లైన్లు ఎందుకు? మన సిరాయే గెలిచిందిగా. చెల్లిది పెట్టుకుంటారు. పాత రిజిస్టర్లు ఎవరు తెరుస్తారు?"

"పుట్టానని రుజువు కావాల్సినవాళ్లు."

"తేమ అనుకుంటారు. పురుగు అనుకుంటారు. ఇన్నాళ్లూ ఏమనుకున్నారో అదే అనుకుంటారు. దుకాణానికి మచ్చ వస్తుందక్కా!"

"రానీ. మన సిరాతో వచ్చే మచ్చ అయితే నీకు బెంగే అక్కర్లేదు, ఏడాదిలో వెలిసిపోతుంది."

చెల్లెలికి నవ్వొచ్చింది. ఆపుకోలేక వెనక గదిలోకి పారిపోయింది. తమ్ముడు అలిగి అన్నం తినలేదు. తరువాత తిన్నాడు.

సంతకం పెట్టాను. తీసుకెళ్లి చేతికిచ్చాను. ఆవిడ రెండుసార్లు చదివింది. అప్పటిదాకా నన్ను అమ్మా అనేది. "కూర్చోండి మేడమ్" అంది. అరగంట దాకా ఎవరూ మంచినీళ్లు కూడా అడగలేదు. న్యాయమే.

తరువాత పిలిచి పద్ధతి చెప్పింది. వెలిసిన పేజీలన్నిటికీ కొత్త రిజిస్టర్లలో నకలు రాయాలి. చదవగలిగింది చదివి రాయాలి. చదవలేని వరసలకి ఆ ఇంటివాళ్లని పిలిపించి, మళ్లీ చెప్పించుకుని రాయాలి. గుమాస్తాలు చాలరు.

"నేను రాస్తాను" అన్నాను. "నాకు దాన్ని చదవడం వచ్చు."

ఆగస్టు 3

రోజూ పదింటికి వెళ్తున్నాను. కిటికీకి దూరంగా బల్ల వేశారు. చెల్లెలి సిరా ఇవాళ్టికీ పాళీకి అడ్డంపడుతోంది. పులిసిన వాసనకి తల నొప్పి. మధ్యాహ్నానికే ఒక పాళీ పోయింది. పదకొండు పేజీలు అయ్యాయి.

ఆగస్టు 9

గుమాస్తా ఒకడు నా వెనక నిలబడి ఇంకొకడికి చెబుతున్నాడు. "ఈవిడేరా." వాడి చేతిరాత చూశాను. ఏ సిరా పోసినా చదవలేం. పైకి అనలేదు.

ఆగస్టు 21

జననాలు అయిపోయాయి. మరణాల్లో తేమ ఎక్కువ.

సెప్టెంబరు 4

ఇవాళ ఒకావిడ వచ్చింది. నా చెల్లెలి వయసు కన్నా తక్కువే. ఆఫీసు పంపిన కాగితం నాలుగు మడతలు పెట్టి పిడికిట్లో పట్టుకుంది. ఏడేళ్ల కిందటి మరణాల రిజిస్టరు, ఎనభై రెండో పేజీ, తొమ్మిదో వరస. ఎంత వంచినా అందులో నాకు ఒక్క అక్షరం దొరకలేదు. పైనా కిందా వరసలు ఒకే వీధివి కావడంతో, ఆ వీధిలో అడిగి గుమాస్తాలు ఇల్లు పట్టుకున్నారు.

"ఏదో చెరిగిపోయిందన్నారు" అంది.

"అవునమ్మా. మళ్లీ చెబితే రాసుకుంటాను."

"మళ్లీ చెప్పాలా?"

"చెప్పాలి."

బల్ల అంచు పట్టుకుని కూర్చుంది. సూపరింటెండెంటు లేచి తలుపు దగ్గరగా వేసింది.

"పాప" అంది. "తెల్లారి అయిదింటికి పుట్టింది. తొమ్మిదింటికి పోయింది."

రాశాను.

"పేరు?"

"పెట్టలేదు. మనసులో ఒకటి అనుకున్నాను. అప్పుడు చెబితే, పెట్టని పేరు రాయకూడదన్నారు."

నేను సూపరింటెండెంటు వైపు చూశాను. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంటోంది. ఒకటే కళ్లజోడు. అటు తిరిగే తల ఊపింది.

"ఇప్పుడు చెప్పమ్మా" అన్నాను.

చెప్పింది. రాశాను. బూడిద రంగులో పడింది. ఆవిడ వంగి చూసి కంగారుపడింది.

"ఇదీ వెలిసినట్టే ఉందేంటి? ఇంతకుముందు రాసింది ఏం సిరా అమ్మా అసలు, ఏడేళ్లు కూడా నిలవలేదు?"

"నేను చేసిన సిరా."

నా ముఖంలోకి చాలాసేపు చూసింది. నేను చాలామందిని చూసిన చూపే అది. నా వైపు ఎవరైనా అలా చూడటం ఇదే మొదటిసారి. చూపు తిప్పుకోలేదు.

"మరి ఇది?"

"ఇది మా చెల్లెలు చేసింది. గంటలో నల్లబడుతుంది. తరువాత ఇక పోదు."

"గంట ఉండొచ్చా?"

"ఉండు."

పేజీ తిప్పలేదు. తరువాతి వరస రాయలేదు. ఇద్దరం అలాగే కూర్చున్నాం. ముందు పాప పేరు మొదటి అక్షరం నల్లబడింది. ఆ తరువాత మిగతావి.